8 వేలు, 2 లక్షలు, ఒకే గిటార్

విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో ఒక ఇంట్లో, బట్టల బీరువా మీద, పాత దుప్పటి చుట్టిన గిటార్ పెట్టె ఒకటి ఏళ్ల తరబడి ఉండిపోయింది. ఆ ఇల్లు నా స్నేహితుడి పిన్నిగారిది. బాబాయిగారు సరుకు ఓడల్లో ఇంజనీరుగా చేసేవారు. ఆయన పోయిన ఏడాదిన్నరకు ఇంటిని అపార్ట్‌మెంట్ కట్టడానికి ఇచ్చేద్దామనుకున్నారు. సామాను తగ్గించుకుంటుంటే ఆ పెట్టె కిందికి దిగింది.

నేను వెళ్లేసరికే దానికి రెండు ధరలు వచ్చి ఉన్నాయి. పాత వాయిద్యాలు కొని అమ్మే ఒకాయన వచ్చి చూసి, "ఇది అమెరికాది కాదమ్మా, జపాన్ డూప్లికేటు. పైగా తుప్పు పట్టింది. 8 వేలిస్తాను, ఇప్పుడే తీసుకెళ్తాను" అన్నాడట. పిన్నిగారి మేనల్లుడు మాత్రం నెక్ వెనక ఉన్న నంబర్‌ను ఫోన్‌లో వెతికి, "అత్తా, ఇది 1984 అమెరికన్ ఫెండర్. 2 లక్షలకు రూపాయి తగ్గినా ఇవ్వకు" అన్నాడు. ఆవిడకు నిద్ర పట్టలేదు. "ఇద్దరిలో ఎవరి మాట నమ్మాలి బాబూ? తక్కువకి ఇచ్చేస్తే ఆయన వస్తువు పారేసినట్టు ఉంటుంది. ఎక్కువ చెప్తే అవతలివాడిని మోసం చేసినట్టు ఉంటుంది" అన్నారు నాతో.

ఆ మాటలోని రెండో సగం నన్ను కదిలించింది. ఎక్కువ డబ్బు వస్తుందేమోనన్న ఆశ కంటే, తప్పు ధర చెప్తానేమోనన్న టెన్షన్ ఆవిడకు ఎక్కువగా ఉంది.

నేను గిటార్ల వ్యాపారిని కాను. పాతికేళ్లుగా వాయిస్తున్నాను, పాత గిటార్లు తెచ్చి బాగుచేసుకోవడం ఇష్టం. పాత గిటార్‌కు ధర కట్టడంలో రెండు పనులున్నాయి. అది ఏమిటో తేల్చడం ఒకటి, దానికి ఎంత ఇవ్వొచ్చో తేల్చడం రెండోది. రెండో దాంట్లో ఎంత గట్టిగా బేరమాడినా తప్పులేదు. మొదటి దాంట్లో దాపరికం ఉండకూడదు. అమ్మేవాళ్లకు తమ చేతిలో ఉన్నది ఏమిటో తెలియనప్పుడు, కొనేవాడు తెలిసీ నోరు మూసుకుంటే అది మోసమే. పాత గిటార్లు కొనేవాళ్లలో చాలామంది ఈ మాట ఒప్పుకోరు. నేనూ ఒకప్పుడు ఒప్పుకోలేదు. ఆ సంగతి తర్వాత చెప్తాను.

ముందు గిటార్. ఫెండర్ అనే అమెరికా గిటార్ కంపెనీ మోడల్ స్ట్రాటోకాస్టర్, అంచులకు పోయేకొద్దీ ముదిరే మూడు రంగుల సన్‌బర్స్ట్ పూత. ముదురు గోధుమ రంగు రోజ్‌వుడ్ ఫ్రెట్‌బోర్డ్ (నెక్ మీద, ఫ్రెట్‌లనే లోహపు గీతలున్న పలక), తీగల ధ్వనిని పట్టే మూడు సింగిల్ కాయిల్ పికప్‌లు, మూడు నాబ్‌లు. తీగలు బిగించే పైకొస, హెడ్‌స్టాక్ మీద ఫెండర్ అని ఉంది. ఆ పేరును నేను చివర్లోనే పట్టించుకుంటాను. అది అతికించిన పల్చటి డెకాల్, అంతే. దాన్ని గీకేసి ఇంకోటి అతికించడం గంట పని. ఫెండర్ వాళ్ల చవక బ్రాండ్ అయిన స్క్వయర్ గిటార్లకు ఫెండర్ డెకాల్ అతికించి అమ్మేవాళ్లు అన్ని ఊళ్లలోనూ ఉన్నారు.

మేనల్లుడు పొరబడింది నంబర్ దగ్గర. ఫెండర్ 1976 నుంచి అమెరికాలో చేసిన గిటార్లకు సీరియల్ నంబర్‌ను హెడ్‌స్టాక్ మీదే వేయడం మొదలుపెట్టింది. ఎస్ అక్షరం ఉంటే 1970లు, ఇ ఉంటే 1980లు, ఎన్ ఉంటే 1990లు, జెడ్ ఉంటే 2000లు. అక్షరం పక్కనున్న అంకె ఏడాది. ఈ గిటార్ నంబర్ ఇ4 అని మొదలై, తర్వాత అయిదు అంకెలున్నాయి. ఈ లెక్కన 1984. ఫోన్‌లో వెతికితే వచ్చే సమాధానం కూడా అదే.

కానీ 1984 నుంచి 1987 వరకు జపాన్‌లో చేసిన ఫెండర్లకు కూడా ఇ అక్షరం, దాని తర్వాత ఆరు అంకెలు వేశారు. ఆ ఆరింటిలో మొదటిది ఏడాదిని చెప్పదు. అది వరుస సంఖ్యలో ఒక అంకె, అంతే. కాబట్టి ఇ4తో మొదలయ్యే నంబర్ ఒకటి అమెరికాలో చేసిన గిటార్ మీద ఉండొచ్చు, సరిగ్గా అలాంటిదే జపాన్‌లో చేసిన దాని మీదా ఉండొచ్చు. నంబర్ ఒక్కటే చూస్తే ఏ దేశానిదో తేలదు. అమెరికా నంబర్లలోనే ఇంకో చిక్కుంది. ఎన్9 అని ఉన్నవి 1999లోనే కాక 1990లో చేసిన గిటార్ల మీద కూడా కనిపిస్తాయి. తొమ్మిదేళ్ల తేడా ఉన్న రెండు గిటార్లకు ఒకటే గుర్తు.

అందుకే నంబర్‌ను నేను ఒక సాక్షి మాటలాగే వింటాను. మిగిలిన సాక్షులు కూడా అదే చెప్తే నమ్ముతాను. ఇక్కడ మొదటి తేడా నంబర్ ఉన్న చోటులోనే ఉంది. అది హెడ్‌స్టాక్ మీద లేదు. నెక్ వెనకాల, బాడీకి దగ్గరగా ఉంది. దాని పక్కన చిన్న అక్షరాలు ఉండేవి. పై ఫ్రెట్‌ల దగ్గర బొటనవేలు ఆనే చోటు కదా, ఏళ్ల రాపిడికి అవి చెరిగిపోయి చివరి రెండు మూడే మిగిలాయి. మేనల్లుడు వాటిని పట్టించుకోలేదు. కొనడానికి వచ్చినాయన చదివాడు.

తర్వాత పిన్నిగారిని పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కొక్కటే చూపించాను. 1983, 84 ప్రాంతంలో అమెరికాలో చేసిన మామూలు స్ట్రాటోకాస్టర్‌కు మూడు నాబ్‌లు ఉండవు, రెండే. కేబుల్ గుచ్చే జాక్ కూడా బాడీ ముందున్న ప్లాస్టిక్ పలక, పిక్‌గార్డ్ మీదే ఉంటుంది. దీనికి మూడు నాబ్‌లున్నాయి, జాక్‌కు విడిగా పడవ ఆకారపు ప్లేట్ ఉంది. ఆ రోజుల్లోనే వచ్చిన ఎలీట్ మోడల్‌కు పికప్‌లు మార్చుకోవడానికి నొక్కే బటన్లుంటాయి. దీనికి లేవు. ఇ4 నంబర్లున్న మరో రకం 1986 చివర్లో వచ్చిన అమెరికన్ స్టాండర్డ్. దానికి 22 ఫ్రెట్‌లు, తీగలు బాడీ మీద ఆనే బ్రిడ్జ్ రెండు స్తంభాల మీద నిలబడుతుంది. దీనికి 21 ఫ్రెట్‌లు, బ్రిడ్జ్‌కు ఆరు స్క్రూలు. 1962 నాటి నమూనాను తిరిగి తెచ్చిన రీఇష్యూ రూపం ఇది. అలాంటి దాన్ని అమెరికాలో ఆ కాలంలో చేసి ఉంటే నంబర్ వి అక్షరంతో, నెక్‌ను బాడీకి బిగించే ప్లేట్ మీద ఉండాలి. ఇక మిగిలింది జపాన్ ఒక్కటే.

ఇదంతా చూడటానికి స్క్రూడ్రైవర్ కూడా అక్కర్లేదు. నాబ్‌లు, ఫ్రెట్‌లు, స్క్రూలు లెక్కపెట్టాలి, నంబర్ ఎక్కడుందో చూడాలి. అయిదు నిమిషాల పని. ఆ అయిదు నిమిషాలు పెట్టనందువల్లే ఒక ఇంట్లో 8 వేలకూ 2 లక్షలకూ మధ్య గొడవ నడిచింది.

గిబ్సన్ అనే మరో అమెరికా కంపెనీ దగ్గర కథ ఇంకోలా ఉంటుంది. 1977 నుంచి చాలాకాలం దాని నంబర్ ఎనిమిది అంకెలు. మొదటి, అయిదో అంకెలు కలిపితే ఏడాది, మధ్యలోని మూడూ ఆ ఏడాదిలో ఎన్నో రోజో చెప్తాయి. 80459612 అంటే 1989లో 45వ రోజు, ఫిబ్రవరి 14. ఎంత ముచ్చటైన లెక్క! కానీ గిబ్సన్ లెస్‌పాల్ మోడల్‌కు నకిలీ చేసేవాడికీ ఈ లెక్క తెలుసు, సరైన నంబరే కొడతాడు. వాడు దొరికిపోయేది ఎవరూ చూడరనుకున్న చోట. నెక్‌ను తిన్నగా ఉంచే లోపలి కడ్డీ, ట్రస్ రాడ్ మీది చిన్న మూతకు గిబ్సన్‌లో రెండు స్క్రూలుంటాయి, నకిలీలకు చాలాసార్లు మూడుంటాయి. నకిలీల్లో బ్రిడ్జ్‌ను నిలబెట్టే స్తంభాల తలల మీద స్క్రూడ్రైవర్ పట్టేంత వెడల్పు గాడి ఉంటుంది. పేరును నకిలీ చేయడానికి శ్రద్ధ పెట్టినవాడు స్క్రూల మీద పెట్టడు.

ఇప్పుడు ఆ "జపాన్ డూప్లికేటు" అన్న మాట దగ్గరికి వద్దాం. నాకు దాని మీద కోపం ఉంది, పాత కోపం.

డూప్లికేటు అంటే పేరు దొంగిలించి చేసిన వస్తువు. ఇది అలాంటిది కాదు. లియో ఫెండర్ తన కంపెనీని 1965లో సీబీఎస్ అనే అమెరికా ప్రసార సంస్థకు అమ్మేశాడు, 1.3 కోట్ల డాలర్లకు. తర్వాతి పదిహేనేళ్లలో గిటార్ల నాణ్యత మీద ఫిర్యాదులు పెరిగాయి. బరువైన బాడీలు, నెక్‌ను పట్టి ఉంచడానికి నాలుగుకు బదులు మూడు స్క్రూలు, నెక్ సరిగ్గా అతకని పాకెట్‌లు (బాడీలో నెక్ కూర్చునే గుంటలు). అదే సమయంలో జపాన్‌లో టొకాయ్, గ్రెకో, ఫెర్నాండెస్ లాంటివాళ్లు 1950ల నాటి ఫెండర్లను చూసి, అసలు కంపెనీ మర్చిపోయిన శ్రద్ధతో కాపీలు చేయసాగారు. వాళ్లను ఎదుర్కోవడానికి ఫెండర్ ఎంచుకున్న దారి, తనే జపాన్ వెళ్లడం. 1982లో కాండా షోకాయ్, యమానో గక్కి అనే రెండు సంస్థలతో కలిసి ఫెండర్ జపాన్‌ను పెట్టింది. గిటార్లు చేసే పని నగానో ప్రాంతంలోని మత్సుమోతో ఊళ్లో ఉన్న ఫుజిజెన్ ఫ్యాక్టరీకి ఇచ్చింది. ఐబనెజ్ గిటార్లు చేసిందీ ఆ ఫ్యాక్టరీయే. అక్కడ మొదట చేసిన వాటికి జేవీ నంబర్లు. వాటి కోసం ఇప్పుడు ప్రపంచమంతా వెతుకుతున్నారు.

1985లో బిల్ షుల్ట్జ్ నాయకత్వంలో ఉద్యోగులే కంపెనీని సీబీఎస్ నుంచి 1.25 కోట్ల డాలర్లకు కొనుక్కున్నారు. పేరు వచ్చింది, డిజైన్లు వచ్చాయి. ఫుల్లర్టన్‌లోని ఫ్యాక్టరీ మాత్రం ఆ అమ్మకంలో లేదు. కాలిఫోర్నియాలోనే ఉన్న కరోనా అనే ఊళ్లో కొత్త ఫ్యాక్టరీ కుదురుకునేదాకా కంపెనీని నిలబెట్టింది జపాన్ గిటార్లే. బాబాయిగారి గిటార్ సరిగ్గా ఆ రోజులది. ఫెండర్ బతికి బట్టకట్టడానికి కారణమైన వాటిలో ఒకదాన్ని డూప్లికేటు అనడం ఎంత అన్యాయం!

మన ఇళ్లలో ఆ రోజుల్లో జపాన్ టేప్‌రికార్డర్ ఉంటే నలుగురికీ చూపించుకునేవాళ్లం. జపాన్ వాచీ పెట్టుకున్నాయన చొక్కా చేతులు మడిచి మరీ తిరిగేవాడు. గిటార్ దగ్గరికి వచ్చేసరికి అదే జపాన్ ఎందుకు చులకనైంది? గిటార్ అమెరికాలో పుట్టిందని చదువుకున్నాం కాబట్టి. పైగా చేతికి దొరికేది కలకత్తాలో చేసిన గివ్‌సన్ లాంటివి. విదేశీ గిటార్ కావాలంటే ఓడల్లో పనిచేసే వాళ్లో, గల్ఫ్ వెళ్లినవాళ్లో తేవాలి. పది మంచి గిటార్లు పట్టుకుని పోల్చి చూసే అవకాశం ఎవరికీ లేదు. అందుకే హెడ్‌స్టాక్ మీది పేరు, వెనకున్న దేశం, ఈ రెండింటితోనే విలువ కట్టడం అలవాటైపోయింది. పోల్చి చూసే అవకాశం వచ్చాక కూడా ఆ అలవాటు పోలేదు.

రోజ్‌వుడ్ మాటకొస్తే, 1960ల చివరి నుంచి ప్రపంచంలో చాలా గిటార్ల ఫ్రెట్‌బోర్డులకు వాడుతూ వచ్చింది దక్షిణ భారతదేశపు రోజ్‌వుడ్. మనం ఇరుగుడు అంటాం. మన వైపు అడవుల్లో పెరిగిన చెట్టు సముద్రం దాటి, గిటార్ అయి తిరిగొస్తే, దాన్ని ఫారిన్ సరుకని ముట్టుకోవడానికి భయపడ్డాం.

అలాగని జపాన్ అనగానే మోసెయ్యడమూ సరికాదు. ఈమధ్య 1970ల నాటి జపాన్ గిటార్ ఏది కనిపించినా "లాసూట్ గిటార్" (కోర్టు కేసు పడ్డ గిటార్) అని రాసి ధర రెట్టింపు చేస్తున్నారు. అసలు జరిగిన కేసు 1977లో గిబ్సన్ మాతృసంస్థ నార్లిన్, ఐబనెజ్‌ను అమెరికాలో అమ్మే ఎల్గర్ కంపెనీ మీద వేసింది. గొడవ హెడ్‌స్టాక్ ఆకారం గురించి. చివరికి రాజీ అయింది. ఆ కేసుకూ, ఊరూ పేరూ లేని కంపెనీ చేసిన ప్లైవుడ్ గిటార్‌కూ ఏ సంబంధమూ లేదు. బాబాయిగారి గిటార్ కూడా జేవీ కాదు. పిన్నిగారికి ఆ సంగతీ స్పష్టంగా చెప్పాను.

ఇక నా సంగతి. 2011లో హైదరాబాద్‌లో, పై చదువులకు అమెరికా వెళ్తున్న ఒక కుర్రాడు ఐబనెజ్ ఆర్‌జీ మోడల్ గిటార్ అమ్ముతున్నాడని తెలిసి దిల్‌సుఖ్‌నగర్ వెళ్లాను. అది వాళ్ల అన్నయ్య వదిలేసిన గిటార్. కుర్రాడు అలాంటి కొత్త ఐబనెజ్ ధర ఎంతో షాపులో కనుక్కుని, అందులో సగం వేసి 9 వేలు చెప్పాడు. నేను తిప్పి చూశాను. నంబర్ ఎఫ్‌తో మొదలైంది. ఎఫ్ అంటే ఫుజిజెన్. షాపులో అతను చూసింది ఐతో మొదలయ్యేది, ఇండోనేషియాలో చేసింది. ఆ రెండూ పక్కపక్కన పెడితే ఒకేలా కనిపిస్తాయి, ధరలో చాలా తేడా. నాకు తెలుసు. చెప్పలేదు. పైగా నాబ్ ఒకటి గరగరమంటోందని చూపించి 500 తగ్గించుకున్నాను. నాలుగేళ్ల తర్వాత దాన్ని 38 వేలకు అమ్మాను.

అప్పుడు స్నేహితులందరూ మెచ్చుకున్నారు. నాకూ గర్వంగానే ఉండేది. ఆ కుర్రాడికి ఆ నెలలో ప్రతి వెయ్యి రూపాయలూ ఎంత అవసరమో నాకు ఎదురుగా కనిపించింది. గదిలో సగం సర్దిన సూట్‌కేసు, గోడ మీద పెన్సిల్‌తో రాసుకున్న ఖర్చుల లెక్క. అతని ఫోన్ నంబర్ నేను దాచుకోలేదు. ఇప్పుడు ఆ తేడా డబ్బు ఇవ్వాలన్నా ఎవరికివ్వాలో తెలియదు.

దీన్ని సమర్థించేవాళ్ల మాటలు నాకు బాగా తెలుసు, అవే నేనూ చెప్పుకునేవాణ్ణి. ఏళ్ల తరబడి నేర్చుకున్నాను, ఆ కష్టానికి ఫలితం ఇది అంటారు. కష్టానికి ఫలితం తీసుకోవాలి, కాదనను. అలాంటప్పుడు ఆ మాట ఎదుటివాడికి చెప్పే తీసుకోవచ్చు. "ఇది ఫలానా గిటార్, బయట ఇంత పలుకుతుంది. దీన్ని బాగుచేసి, కొనేవాణ్ణి వెతికి అమ్మాలంటే నాకు శ్రమ ఉంది, కాబట్టి నేనింత ఇవ్వగలను" అంటే అది వ్యాపారం. విన్నవాళ్లు ఒప్పుకుంటారు కూడా. చెప్పకుండా తీసుకుంటే, ఫలితం వచ్చింది మన చదువు వల్ల కాదు, వాళ్ల తెలియనితనం వల్ల.

అడిగిన ధర ఇచ్చాను, ఇంకేం కావాలి అంటారు. కుర్రాడు 9 వేలు అడిగింది తన దగ్గర ఉందనుకున్న గిటార్‌కు. నేను కొన్నది వేరే గిటార్. రోజూ గిటార్లు అమ్మే షాపువాడు తన గిటార్‌ను గుర్తుపట్టలేకపోతే ఆ తప్పు వాడిది. తెలుసుకోవడమే వాడి వృత్తి. ఇంట్లో పోయిన మనిషి వస్తువును సాగనంపుతున్నవాళ్లు, ఊరు వదిలి వెళ్తున్నవాళ్లు వ్యాపారులు కారు. రెండు చోట్లా ఒకటే నీతి అని వాదిస్తే నేను ఒప్పుకోను. ఎంవీపీ కాలనీ వచ్చి 8 వేలన్నాయనకు ఆ గిటార్ ఏమిటో తెలిసి ఉండొచ్చు, తెలియకపోయి ఉండొచ్చు. "ఇప్పుడే తీసుకెళ్తాను" అన్న తొందర చూస్తే మాత్రం నాకు దిల్‌సుఖ్‌నగర్‌లో నేనే గుర్తొచ్చాను.

మర్నాడు సామాన్లు పట్టుకుని మళ్లీ వెళ్లాను. నెక్ విప్పి చూడటానికి పిన్నిగారి అనుమతి అడిగాను. అమ్మేవాళ్లు వద్దంటే ఆ పని చేయకూడదు. ముందు స్ట్రింగ్‌లు పూర్తిగా వదులు చేయాలి, తర్వాతే నాలుగు స్క్రూలు విప్పాలి. తిరిగి బిగించేటప్పుడు స్క్రూను మొదట నెమ్మదిగా వెనక్కి తిప్పితే, పాత గాడిలో కూర్చున్నట్టు చిన్న టక్కుమన్న స్పర్శ చేతికి తగులుతుంది. అప్పుడు ముందుకు తిప్పాలి. లేకపోతే చెక్కలో కొత్త గాడి పడుతుంది, నెక్ బిగువు పోతుంది. నలభై ఏళ్ల గిటార్‌ను చూడబోయి పాడుచేయడం కంటే చూడకపోవడమే మేలు.

నెక్ అడుగున ముద్ర కనిపించింది. ఎస్‌టీ62-55. ఎస్‌టీ అంటే స్ట్రాటోకాస్టర్, 62 అంటే 1962 నమూనా. 55 అంటే అప్పటి కొత్త ధర, వేల యెన్‌లలో. ఫెండర్ జపాన్ తన మోడల్ పేర్లలోనే ధర రాసుకునేది. 115 అని ఉంటే ఖరీదైన రకం, 55 అందుబాటు ధరలో ఉన్న రకం. పాకెట్ లోపలి చెక్క, రంగు ఎవరూ కదపలేదు. సన్‌బర్స్ట్ అసలుదే, మందమైన పాలిస్టర్ పూత, అంచుల్లో గాజు పెంకులా రెండుచోట్ల లేచింది.

పిక్‌గార్డ్ ఎత్తి, నాబ్‌ల కింద ఉండే పాట్‌లు చూశాను. అమెరికా పాట్‌ల మీద నంబర్ ఉంటుంది. 1376633 అంటే 137 సీటీఎస్ కంపెనీ, 66 ఏడాది, 33 వారం. అది పాట్ తయారైన తేదీ, గిటార్ అంతకంటే ముందుది కాదని మాత్రమే చెప్తుంది. 1966లో ఫెండర్ పాట్‌లు బోలెడన్ని ఒకేసారి కొని కొన్నేళ్లు వాడుకుంది, ఆ తేదీ నమ్మి పొరబడినవాళ్లు ఎందరో. ఇక్కడ అలాంటి నంబర్లేవీ లేవు. చిన్న సైజు జపాన్ పాట్‌లు, ఎవరూ ముట్టుకోని సోల్డరింగ్. మల్టీమీటర్ పెడితే రెండు పికప్‌లు దాదాపు 6 కిలో ఓమ్‌లు చూపించాయి. బ్రిడ్జ్ దగ్గరిది ఏమీ చూపించలేదు. లోపల వైరు తెగింది. సముద్రపు గాలి, ఉప్పు.

నెక్ మాత్రం తిన్నగా ఉంది, ట్రస్ రాడ్ తిరిగింది. నాకు అన్నిటికంటే ఊరటనిచ్చింది అదే. ఏ భాగమైనా మార్చుకోవచ్చు, మెలి తిరిగిన నెక్‌ను ఏమీ చేయలేం. మొదటి మూడు ఫ్రెట్‌లలో స్ట్రింగ్ ఒరుసుకుని గాడులు పడ్డాయి. బాబాయిగారు ఎక్కువగా అక్కడే వాయించేవారన్నమాట.

ధర కట్టే పద్ధతి నాది ఒకటే. అమ్మకానికి పెట్టిన ధరలు చూడను. 2 లక్షలని రాసుకోవడానికి ఎవరికీ ఖర్చు లేదు. నిజంగా అమ్ముడైన ధరలు చూస్తాను. వాయిద్యాలు కొని అమ్మే వెబ్‌సైట్ రెవర్బ్ లాంటి చోట అవి దొరుకుతాయి. ఇలాంటి గిటార్లకు నేను చూసిన అమ్మకాలు మన డబ్బుల్లో ఎక్కువగా 50, 60 వేల చుట్టూ ఉన్నాయి. అక్కడి నుంచి తెప్పించుకుంటే రవాణా, కస్టమ్స్ కలిసి ఇంకా పెరుగుతుంది. ఆ పెరిగే మొత్తాన్ని మన గిటార్ ధరకు కలపలేం, ఎందుకంటే విశాఖలో దీన్ని గుర్తుపట్టి కొనేవాళ్లు పది మంది కూడా దొరకరు. పికప్ చుట్టించాలి, ఫ్రెట్‌లు సరిచేయించాలి, బ్రిడ్జ్ శాడిల్‌లు మార్చాలి, ట్రెమొలో కడ్డీ లేదు. అవన్నీ తీసేసి 45 వేలు న్యాయమైన ధర అన్నాను. మేనల్లుడికి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. కాసేపు వాదించాడు, ఫొటోలు పంపమన్నాడు, రాత్రికి "సరే అన్నా" అని మెసేజ్ పెట్టాడు.

గాజువాక వైపు ఒక చర్చిలో ఆదివారాలు వాయించే కుర్రాడు నాకు తెలుసు. మన దగ్గర ఎలక్ట్రిక్ గిటార్ వారం వారం మోగే చోటు చర్చే. వచ్చి చూశాడు. పాడైనవన్నీ అతనికి చూపించాను, 55 రకమనీ చెప్పాను. కొనేవాడికీ అదే హక్కు ఉంది కదా. రెండు నెలల్లో ఇస్తానని 45 వేలకు ఒప్పుకున్నాడు.

అతను రాకముందు పిన్నిగారు పెట్టె జేబులోంచి పాత స్ట్రింగ్‌లు తీస్తుంటే మడత పెట్టిన కాగితం ఒకటి బయటపడింది. అంతా జపాన్ లిపి. ఫోన్‌తో చదివిస్తే కోబె నగరంలోని ఒక షాపు ఇచ్చిన గ్యారంటీ కాగితమని తేలింది. తేదీ 60.8.12 అని ఉంది. "1960లోనా? మా పెళ్లే 80లో కదా" అన్నారావిడ. జపాన్‌లో చక్రవర్తి పాలన ఏళ్లతో తేదీ వేస్తారు, షోవా 60 అంటే 1985 అని చెప్పాను. అంటే 1985 ఆగస్టు 12న, షాపులో, కొత్తది.

"ఓడలో ఎవరో వదిలించుకుంటుంటే చవగ్గా తీసుకున్నానని చెప్పారు నాతో" అన్నారు పిన్నిగారు. "కొత్తది అప్పుడెంత ఉండేది బాబూ?"

ముద్రలోని 55 ఏమిటో ఆవిడకు అప్పటిదాకా విడమరిచి చెప్పలేదు. 55 వేల యెన్‌లు, ఆనాటి మారకంలో 3 వేల రూపాయలకు దగ్గర అని చెప్పాను. ఆవిడ కాగితం వంకే చూస్తూ, "ఆ ఏడాది ఫ్రిజ్ కొందామంటే వచ్చే ట్రిప్పు తర్వాత చూద్దామన్నారు" అని నవ్వారు. నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నారు.

అసలు కాగితం గిటార్‌తో పాటు ఉంటే ఇంకో మూడు, నాలుగు వేలు ఎక్కువ పలుకుతుందని చెప్పాను. చెప్పడం నా బాధ్యత. పిన్నిగారు దాన్ని మళ్లీ అవే మడతల మీద మడిచి, బీరువాలో పట్టుచీరల కింద పెట్టి తాళం వేశారు.